ఏ పెట్టె ముందు తెరవాలి

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాసకి దగ్గర్లో తీరం దాటింది. అప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. ఆ రోజు మా ఊరికి ఫోను కలవలేదు. మర్నాడూ కలవలేదు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడి ఉన్నాయో, జీడితోటలు ఎలా వేళ్ళతో సహా లేచిపోయాయో టీవీలో చూస్తూ కూర్చున్నాను. కరెంటు స్తంభాలు వరసకి వరస ఒరిగిపోయాయి కాబట్టి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది.

నాకు కలిసిన మొదటి ఫోను ఇంటినుంచి కాదు, కాశీబుగ్గ నుంచి.

"అన్నయ్యా, కంప్యూటర్ లెగిసింది గానీ మొత్తం సున్నా చూపిస్తంది. అందరూ ఎల్లిపోనారు."

ఎవరు అందరూ? రెండు వేల మూడొందల పైచిలుకు మనుషులు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కారణం ఫలానా అని తేలని దీర్ఘకాలిక జబ్బు అది. మొదట్లో ఏ బాధా ఉండదు. తెలిసేసరికి చాలామందికి ఆలస్యం అయిపోతుంది. అందుకని రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో అప్పుడప్పుడు చూడాలి, చూసినదాన్ని పోయినసారి అంకెతో పోల్చాలి. ఒక చిన్న సంస్థవాళ్ళు మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో ఆ పని చేసేవారు. ఎవరికి ఎంతుంది, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నది దాచడానికి నేనొక ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఒక పాత మిషను, దానిమీద లినక్స్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఎంట్రీలు చెయ్యడానికి ఒక అమ్మాయి.

ఆ సున్నా ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. బర్కిలీ దాకా. మధ్యలో మా కరణంగారి ఇంటిమీదుగా.

డేటాబేస్ అంటే డేటా ఒక్కటే అనుకుంటాం. డేటా ఒక డైరెక్టరీలో కొన్ని ఫైళ్ళుగా పడి ఉంటుంది. దానంతట అది ఏమీ చెప్పదు. దాన్ని తెరిచి, అడిగినవాళ్ళకి అడిగింది చూపించే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తూ ఉండాలి. ఆ ప్రోగ్రామ్‌ని ఎవరో మొదలుపెట్టాలి. డేటా ఏ డైరెక్టరీలో ఉంది, ఏ పోర్టులో వినాలి, ఎంత మెమరీ వాడుకోవచ్చు, ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఇవన్నీ దానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పడం ఎక్కడ రాసి ఉండాలన్నది యాభై ఏళ్ళుగా నడుస్తున్న తగాదా.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1970లలో ఇంగ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేశాడు. దాని తరవాతిది కాబట్టి 1986లో మొదలైనదానికి పోస్ట్‌గ్రెస్ అని పేరు. 1994లో ఆ ప్రాజెక్టు ముగిశాక ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాష నేర్పి పోస్ట్‌గ్రెస్95 అన్నారు. 1996లో అదే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. అది విశ్వవిద్యాలయంలో పుట్టిన సరుకని మొదలుపెట్టే పద్ధతిలోనే తెలిసిపోయేది. తెలిసినవాడొకడు మిషను ముందు కూర్చుని, డేటా ఉన్న చోటు చెప్పి, కావలసినవన్నీ కమాండ్ వెంబడే టైపు చేసి నడిపించేవాడు. ఆ కమాండ్ పేరు పోస్ట్‌మాస్టర్. నాకెప్పుడు చూసినా మా ఊరి పోస్టుమాస్టరే గుర్తొచ్చేవాడు. ఖరగ్‌పూర్‌కీ అండమాన్‌కీ వలస వెళ్ళినవాళ్ళ మనియార్డర్లు ఎవరివి ఎవరికి ఇవ్వాలో ఆయన బుర్రలో ఉండేది. ఆయన సెలవు పెడితే ఊరికి డబ్బు రాదు.

వాడుకలో ఉన్న సెట్టింగులన్నీ ఒక ఫైల్లో రాసుకునే పద్ధతి పోస్ట్‌గ్రెస్‌లో 2001 ఏప్రిల్‌లో వచ్చిన 7.1తో మొదలైంది. అదే విడుదలలో ఇంకో గొప్ప విషయం వచ్చింది. ఏ మార్పు చేసినా ముందు ఒక చిట్టాలో రాసి, తరవాత అసలు ఫైళ్ళలో చేస్తుంది. హఠాత్తుగా కరెంటు పోయినా, లేచాక చిట్టా చదువుకుని సర్దుకుంటుంది. అంటే తిత్లీ రాత్రి కరెంటు పోయినందువల్ల ఆ రెండు వేలమంది పోవడానికి వీల్లేదు. ఫోన్లో "సున్నా" అని విన్నప్పుడు నాకీ సంగతి తెలుసు. తెలిసినా కాళ్ళు వణికాయి.

ఇక మిషను లేచినప్పుడు ఎవరు ముందు లేవాలి అన్న సంగతి. బర్కిలీ యూనిక్స్‌లో అన్నీ ఒకే పెద్ద స్క్రిప్టులో వరసగా ఉండేవి. మనకి కావలసినవి చివర్లో ఇంకో ఫైల్లో చేర్చుకోవాలి. ఏటీ అండ్ టీ వాళ్ళ సిస్టమ్ ఫైవ్ సంప్రదాయం వేరు. ఒక్కో సేవకి ఒక్కో స్క్రిప్టు. వాటిని పిలిచే వరస కోసం ఇంకో డైరెక్టరీలో లింకులు. లింకు పేరు ఎస్‌తో మొదలైతే మొదలుపెట్టమని, కే అయితే ఆపమని, పక్కన రెండంకెల నంబరు. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు తరవాత. రెడ్ హ్యాట్ లినక్స్‌లో నెట్‌వర్కుకి 10, నెట్‌వర్కు మీద ఉన్న డిస్కులకి 25, పోస్ట్‌గ్రెస్‌కి 64. పెళ్ళి భోజనాల బంతుల్లా. ఇంత సులువైన ఏర్పాటు దశాబ్దాలు నడిచింది. నాకిప్పటికీ అదంటే ఇష్టమే. అయితే దాన్లో ఒక లోపం ఉంది. 25 తరవాత 64 వస్తుందని అది చెప్తుంది. 25 పని అయిందా, మధ్యలో చెడిందా అన్నది 64కి తెలీదు. డిస్కు తగిలిందో లేదో పోస్ట్‌గ్రెస్‌కి ఎవరూ చెప్పరు. తన వంతు రాగానే లేస్తుంది.

ఒరాకిల్‌వాళ్ళు ఇంకో దారి పట్టారు. ఓరాట్యాబ్ అని ఒక చిన్న ఫైలు. డేటాబేసుకి ఒక వరస. వరసలో దాని పేరు, దాని ప్రోగ్రామ్ ఉన్న చోటు, చివర ఒక్క అక్షరం, వై గానీ ఎన్ గానీ. మిషను లేచినప్పుడు వై ఉన్నవాటిని లేపాలి, ఎన్ ఉన్నవాటిని వదిలెయ్యాలి. మైఎస్‌క్యూఎల్‌ది మరీ విచిత్రం. తన సెట్టింగుల ఫైలుకోసం నాలుగైదు చోట్ల వరసగా వెతుకుతుంది. ఒకే మాట రెండు చోట్ల ఉంటే చివర చదివిందే చెల్లుతుంది. ఎక్కడో మర్చిపోయిన పాత ఫైలొకటి మీరు మార్చిన కొత్త ఫైలుని నోరు మూయించే అవకాశం ఉందన్నమాట.

ఇక్కడ మా తాత వస్తాడు.

మాది మందస దగ్గర ఊరు. ఈ ప్రాంతమంతా 1936 దాకా గంజాం జిల్లా. ఆ ఏడాది ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు పక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. భూమి అక్కడే ఉంది, దాని కాగితాలుండే చోటు మారింది. పైగా ఇవి జమీందారీ ఊళ్ళు. 1940లో మందస జమీందారు మీద తిరగబడ్డ రైతుల్లో కాల్పులకి బలైన గున్నమ్మ కథ మా వైపు పిల్లలందరికీ తెలుసు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక గానీ ఇలాంటి చాలా ఊళ్ళకి సర్కారు సర్వే, సెటిల్‌మెంటు జరగలేదు. సెటిల్‌మెంటులో తయారైన రిజిస్టరు ఒకసారి రాస్తే ఇక అంతే, దాన్ని మార్చకూడదు. అడంగల్ అలా కాదు. ఏ సర్వే నంబర్లో ఎవరు సాగు చేస్తున్నారు, ఏం వేశారు అని ఏటేటా రాయాలి. మారనిదొక పుస్తకం, మారేదొక పుస్తకం. రెండూ కరణంగారి ఇంట్లో ఒకే పెట్టెలో. ఏ పుస్తకంలో ఏది చూసి ఏది నమ్మాలో మాత్రం కరణంగారి బుర్రలో.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. పదవి ఒక్క సంతకంతో పోయింది. పుస్తకాలు? వాటిని మూటలు కట్టి అప్పజెప్పారు. మా తాతకి అర ఎకరం జీడితోట మీద ఒక తగువు ఉండేది. కొత్తగా వచ్చినాయన మూట విప్పి అన్నీ ముందేసుకుని కూర్చున్నాడట. పుస్తకాలన్నీ ఉన్నాయి. ఒకే భూమికి పాత జమీందారీ లెక్కల నంబరొకటి, సర్వే నంబరొకటి. ఏది దేనికి సరిపోతుందో రాసిన కాగితం మాత్రం లేదు. "పొత్తకాలన్నీ ఉన్నాయి బావూ అంతాడు, మరి నా బూమేదంటే సెప్పలేడు" అని మా తాత ఏళ్ళ తరబడి చెప్పేవాడు. చివరికి పాత కరణంగారింటికే వెళ్ళి, అరుగు మీద కూర్చుని, కొబ్బరిబోండాలిచ్చి అడిగి తెలుసుకున్నాడు.

కరణాల గురించి తెలుగులో చాలా వెక్కిరింతలున్నాయి, వాటికి కారణాలూ ఉన్నాయి. నేను ఆ వ్యవస్థని వెనకేసుకు రావడం లేదు. ఆ రద్దు జరగాల్సిందే. కానీ పదవి రద్దు చేసినవాళ్ళు పుస్తకాలడిగారు, పుస్తకాలు తెరిచే వరస అడగలేదు.

యూనిక్స్ లోకానికీ ఇదే సమస్య వచ్చింది. 1994 ఫిబ్రవరిలో లినక్స్ వాళ్ళు ఏ ఫైలు ఎక్కడుండాలో ఒక ఒప్పందం రాసుకున్నారు. మనిషి రాసే సెట్టింగులు ఎట్సీ అనే డైరెక్టరీలో. నడుస్తున్నప్పుడు మారే డేటా వార్ అనే డైరెక్టరీలో. మారనిదొక చోట, మారేదొక చోట. బాగానే ఉంది. పోస్ట్‌గ్రెస్ దీనికి లొంగలేదు. దాని సెట్టింగుల ఫైలు డేటాతో పాటే డేటా డైరెక్టరీలో ఉండేది. కారణం లేకపోలేదు. ఒకే మిషను మీద నాలుగు డేటాబేసులు నడుపుకోవచ్చు, ఏ డేటా సెట్టింగులు ఆ డేటాతోనే ఉంటే తికమక ఉండదు, మొత్తాన్ని ఎత్తుకుపోతే అన్నీ వస్తాయి. సర్వర్లు చూసుకునేవాళ్ళ వాదన వేరు. అన్నిటివీ ఎట్సీలో ఉంటే ఇదొక్కటి ఎక్కడో ఎందుకు, ఎట్సీని బ్యాకప్ తీసుకున్నవాడికి ఇది దొరకదు కదా అని. 2005లో వచ్చిన 8.0లో సర్దుబాటు కుదిరింది. సెట్టింగుల ఫైలు ఎక్కడైనా పెట్టుకోండి, డేటా ఎక్కడుందో దాన్లో రాయండి అన్నారు. ఇంచుమించు అప్పుడే డెబియన్ వాళ్ళకోసం మార్టిన్ పిట్ మంచి ఏర్పాటొకటి చేశాడు. ఎట్సీలో పోస్ట్‌గ్రెస్ పేరుతో డైరెక్టరీ, అందులో వెర్షన్ నంబరు, అందులో ఒక్కో డేటాబేసు కూటమికి ఒక పేరు. అక్కడే ఒక చిన్న ఫైల్లో ఒకే ఒక్క మాట. తనంతట లేవాలా, చేత్తో లేపాలా, అసలు లేవకూడదా. ఒక కమాండ్ కొడితే మిషను మీద ఎన్ని కూటములున్నాయో, వాటి డేటా ఎక్కడుందో, ఏది నడుస్తోందో వరసగా చూపిస్తుంది. కొత్తగా వచ్చినాయనకి కరణంగారి అరుగు ఎక్కే పని లేదు.

నేను డెబియన్ వాడి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

రెడ్ హ్యాట్ పాత ప్యాకేజీలో పోస్ట్‌గ్రెస్ స్టార్టప్ స్క్రిప్టు ఒక ఉపకారం చేసేది. డేటా ఉండాల్సిన డైరెక్టరీ ఖాళీగా కనిపిస్తే, పాపం కొత్తగా పెట్టుకున్నట్టున్నారు అనుకుని, తనే ఇనిట్‌డీబీ అనే కమాండ్ నడిపి కొత్త ఖాళీ డేటాబేస్ తయారుచేసి లేపేది. మొదటిసారి వాడేవాళ్ళకి ఎంత సుఖమో. కానీ డేటా వేరే డిస్కు మీద ఉండి, మిషను లేచేసరికి ఆ డిస్కు తగలకపోతే? ఆ డిస్కు కనిపించాల్సిన డైరెక్టరీ ఖాళీగా ఉంటుంది. స్క్రిప్టు అక్కడ కొత్త సంసారం పెట్టేస్తుంది. ఈ ప్రమాదం తెలిశాక తరవాతి ప్యాకేజీల్లో ఆ ఉపకారాన్ని తీసేశారు. ఇప్పుడు ఇనిట్‌డీబీ కావాలంటే మనమే అడిగి చేయించుకోవాలి.

తీసేశారని 2018లో నాకు తెలీదు. ఎందుకంటే నా దగ్గరున్నది మొదటి ఉద్యోగంలో ఒక సర్వర్ మీంచి తెచ్చుకుని, మిషను తరవాత మిషనుకి మోసుకొచ్చిన పాత స్క్రిప్టు. పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలకడం అనే మా వృత్తి నీతి ప్రకారం ఒక్క వరసైనా చదవలేదు.

ఇప్పుడు కాశీబుగ్గ. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ చూశాక నాకొక తెలివి వచ్చింది. డేటా వేరే డిస్కు మీద ఉంచితే, తుఫాను వస్తోందన్నప్పుడు డిస్కు ఊడదీసి భద్రమైన చోటికి పట్టుకెళ్ళొచ్చు. మిషను పోయినా పర్లేదు. డిస్కు లేకపోయినా మిషను మాత్రం లేవాలని కూడా నేనే రాసిపెట్టాను. ఆ అమ్మాయి అక్టోబర్ 10 సాయంత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. డిస్కుని పాలిథీన్ కవర్లో చుట్టి, మేడ ఉన్న వాళ్ళ పెదనాన్నగారింట్లో బీరువాలో పెట్టింది. ఆ అద్దె గదిలోకి నీళ్ళొచ్చాయి. బల్ల మీదున్న మిషను బతికింది. కరెంటొచ్చాక స్విచ్ వేసింది. లేచాక డిస్కు తగిలించింది, పెన్‌డ్రైవ్‌లాగే అనుకుని. అప్పటికే స్క్రిప్టు తన ఉపకారం చేసేసింది.

తను చేసిందాన్లో ఒక్క తప్పు లేదు. తప్పులు రెండూ నావి. మొదటిది స్క్రిప్టు. రెండోది ఫోన్లో చెప్పిన మాట. "డిస్కు పెట్టావా" అనడిగాను. "ఆఁ, పెట్టాను" అంది. పెట్టాక కూడా సున్నా అంటే డిస్కే పోయిందనుకున్నాను. బ్యాకప్ కూడా అదే డిస్కు మీద ఉంచిన మహానుభావుణ్ణి నేను. "నేను దీపావళికొచ్చి చూస్తాను, అందాకా కాగితాలుంటే మళ్ళీ ఎక్కించు" అన్నాను. తను తడిసిన ఫారాలు ఎండబెట్టి, ఒక్కొక్కటీ విడదీసి, నూట నలభై పేర్లు ఎక్కించింది. ఒక్కొక్కరికీ నంబరు వేసిన చీటీ ఇచ్చింది. ఖాళీ డేటాబేసు కదా, నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయి.

నవంబర్ మొదటి వారంలో ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. మిషను మళ్ళీ లేచింది. ఈసారి డిస్కు తగిలించే ఉంది. పాతవాళ్ళందరూ తిరిగొచ్చారు. కొత్తగా ఎక్కించిన నూట నలభై మందీ మాయం. గచ్చు మీద చాప పరిస్తే గచ్చు కనపడదు. డిస్కు వచ్చి ఆ డైరెక్టరీ మీద పరుచుకుంది, కిందున్న కొత్త డేటాబేసు దానికింద అలాగే ఉంది. అక్కడున్నవాళ్ళకి అదేం తెలుసు? అన్నీ వచ్చేశాయని సంబరపడ్డారు.

పట్టుకున్నది ఒక ముసలాయన. చీటీ మీద 37. ఆయన చీటీ చూసి 37 తెరిచారు. అంకె చదివి, బాగానే ఉంది, మూణ్నెల్లాగి రండి అన్నారు. ఆయన లేవలేదు.

"పేరు సదువమ్మా."

చదివారు. వేరే ఊరి ఆడమనిషి పేరు.

"అది నాను కాదు గదేటి."

ఆయన అసలు అంకె చాలా ఎక్కువ. ఆ వారమే టెక్కలి పంపించారు. ఆయన పేరు అడక్కపోయుంటే అన్నది నేను చాలాసార్లు అనుకున్నాను. ఒకే నంబరు, ఇద్దరు మనుషులు. మా తాత భూమికి రెండు నంబర్లు.

దీపావళికి వెళ్ళి, డిస్కు విప్పి, కింద దాగున్నదాన్ని వేరే చోటికి తీసి, రెండిటినీ కలపడానికి రెండు రాత్రులు పట్టింది. నూట నలభై మందికీ కొత్త నంబర్లిచ్చాం. కలపడం తేలికే. పంచిన చీటీలు వెనక్కి తెచ్చి మార్చడం కష్టం. ఆ అమ్మాయి, ఇంకొకాయన బండి మీద ఊరూరూ తిరిగారు. దారిపొడుగునా పడిన చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆ మిషను తీసేసి, సిస్టమ్‌డీ ఉన్న కొత్త లినక్స్ పెట్టాను. లెనార్ట్ పోటరింగ్ 2010లో మొదలుపెట్టిన ఈ సిస్టమ్‌డీ మీద లోకంలో ఎంత గొడవ జరిగిందో చెప్తే వేరే వ్యాసం అవుతుంది. 2014లో డెబియన్ కమిటీలో ఓట్లు సమానంగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలింది. నచ్చనివాళ్ళు వేరు కుంపటి పెట్టుకున్నారు. పాత స్క్రిప్టులో ఏం జరుగుతోందో కళ్ళతో చదువుకోవచ్చు, ఇది అన్నీ మింగేస్తోంది అన్న వాళ్ళ ఫిర్యాదులో నిజముంది. కానీ నేను నా స్క్రిప్టుని చదివిందెప్పుడు? సిస్టమ్‌డీలో నంబర్లు లేవు. ఫలానాది తగిలి ఉంటేనే నన్ను లేపు అని ఒక్క వరస రాయొచ్చు. ఆ వరస రాశాను. డిస్కు తగిలే డైరెక్టరీలో నేరుగా కాకుండా, డిస్కు లోపల ఇంకో డైరెక్టరీ చేసి డేటా అందులో పెట్టాను. పైదాన్ని పోస్ట్‌గ్రెస్ రాయలేకుండా చేశాను. అప్పుడు డిస్కు లేకపోతే డైరెక్టరీయే ఉండదు, రాయడానికి హక్కూ ఉండదు. ఇదేం నా తెలివి కాదు, పోస్ట్‌గ్రెస్ మాన్యువల్లో రాసే ఉంది. బ్యాకప్ ఈసారి వేరే ఊళ్ళో. మిషను పైన గోడమీద తెలుగులో ఒక కాగితం అంటించాం: ముందు డిస్కు, తరవాత స్విచ్, తరవాత ఎంతమంది ఉన్నారో చూడు.

2019 మే మొదట్లో ఫొని వచ్చింది. తీరం దాటింది పూరీ దగ్గరైనా మా వైపూ గాలీ వానా గట్టిగానే ఉన్నాయి. ఆ అమ్మాయి ముందురోజే డిస్కు తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది. రెండ్రోజుల తరవాత తను సెలవులో ఉంటే, కొత్తగా చేరిన కుర్రాడు వచ్చి స్విచ్ వేశాడు. గోడమీద కాగితం చదవలేదు. తరవాత నాకు ఫోన్ చేశాడు, గొంతులో భయం.

"సార్, డేటాబేస్ లెగనంటంది సార్. ఏదో ఎర్ర అక్షరాలు వస్తన్నాయి. నాను ఏటీ సెయ్యనేదు సార్."

"ఏం పర్లేదు" అన్నాను. "అక్కని అడిగి డిస్కు తెచ్చుకో."